తుప్పా, తుక్కా? మా నాయన యెజ్డీ నేర్పిన మాటలు

కోలారు వైపు మన ఇళ్ళల్లో మాట్లాడే తెలుగు గురించి చెప్పుకునేటప్పుడు పంటలు, పండగలు, చుట్టరికాల మాటలే ఎక్కువగా ఎత్తుకుంటాం. ఈసారి బండి రిపేరీ మాటలు చెప్తాను. పోయిన ఏడు నేను, నా మనవడు కలిసి మా నాయన యెజ్డీని మళ్ళీ నడిపించాం. ఆ పని మొదలయ్యిందే ఒక మాట మీద గొడవతో.

ముందు బండి సంగతి. మైసూరులో ఐడియల్ జావా ఫ్యాక్టరీ 1960లలో చెక్ దేశపు జావా కంపెనీ లైసెన్సుతో బండ్లు తయారుచేసేది. తర్వాత అవే యెజ్డీ పేరుతో వచ్చాయి. 1996లో ఫ్యాక్టరీ మూతపడింది. నాయన 1979లో కొన్నది 250 సీసీ టూ-స్ట్రోక్ బండి, రెండు సైలెన్సర్లది. గేరు వేసే కడ్డీనే పైకి లేపి కిక్కు కొట్టాలి. కొత్తవాళ్ళు ఇప్పటికీ కిక్కర్ ఎక్కడుందని వెతుక్కుంటారు. నాయన పోయాక అది పద్దెనిమిదేళ్ళు కొట్టంలోనే నిలిచిపోయింది.

అమ్మేద్దామని నా కొడుకు అంటూనే ఉన్నాడు. నాకూ సగం మనసు అటే ఉండింది. ఏమన్నా ధర పలుకుతుందేమో చూడమని ఒక పాత మెకానిక్‌ని పిలిపించాను. ఆయన ట్యాంకు మూత తీసి, టార్చి కొట్టి చూసి, కన్నడలో "ఒళగెల్లా తుక్కు సార్" అన్నాడు.

అరుగు మీద కూర్చున్న మా అమ్మ గబుక్కున లేచింది. "ఏమప్పా, మీ నాయన బండిని తుక్కంటాడా వాడు? ఎత్తి తుక్కోళ్ళకి ఇచ్చేదానికా పిలిపిచ్చినావు?" అనింది. ఆ మధ్యాన్నం అన్నం కూడా తినలేదు.

అమ్మ పుట్టిల్లు మదనపల్లె వైపు. ఆమెకు కన్నడ అంతంతమాత్రం. కన్నడంలో తుక్కు అంటే ఇనుముకు పట్టే తుప్పు. తెలుగులో తుక్కు అంటే పనికిరాని పాత సామాను. తమిళంలో తుప్పును తురు అంటారు. మూడు భాషలు కలిసే మా జిల్లాలో ఒకే ఇనుప ముక్కకు మూడు మాటలు. అందులో ఒకటి పక్క భాషలోకి రాగానే అర్థం మారిపోతుంది. "తుప్పు అన్నాడమ్మా, తుక్కు కాదు" అని నేను విడమర్చి చెప్తే ఆమె అన్న మాట ఇది: "తుప్పయితే తోముకుంటే పోతుంది గదా."

నేను బండిని అమ్మకుండా నిలబెట్టింది ఆ మాటే. మెకానిక్ చెప్పింది తుప్పు. నా మనసులో ఉండింది మాత్రం తుక్కే. అమ్మ సరిగ్గానే పట్టుకుంది.

ఇక తోమడం మొదలుపెట్టాం. ట్యాంకు విప్పి, పాత పెట్రోలు పొయ్యికి, దీపానికి దూరంగా వంపేశాం. లోపల గుప్పెడు చిన్న నట్లు, సబ్బునీళ్ళు పోసి బాగా కుదిపాం. తర్వాత లీటరు నీళ్ళకు 100 గ్రాముల నిమ్మ ఉప్పు కలిపి రాత్రంతా నింపి ఉంచాం. పొద్దునకి నీళ్ళు కాఫీ డికాక్షన్ మాదిరి అయినాయి. సోడా ఉప్పు నీళ్ళతో కడిగి, ఎండబెట్టి, వెంటనే లోపలంతా నూనె పట్టించాం. ఆలస్యం చేస్తే సాయంత్రానికే మళ్ళీ తుప్పు లేస్తుంది.

ఇంజను పట్టేసి ఉంది. బలంగా తన్నకూడదు. ప్లగ్గు తీసి, ఆ రంధ్రంలో కొంచెం నూనె పోసి, రెండు రోజులు వదిలేశాం. మూడో రోజు కాలితో మెల్లగా నొక్కితే కదిలింది.

తర్వాత కుడివైపు మూత తీసి పాయింట్లు శుభ్రం చేశాం. వాటి మధ్య సందు 0.4 మిల్లీమీటర్లు పెట్టాం. పాయింట్లు ఎప్పుడు విడిపోతున్నాయో తెలుసుకోవడానికి చిన్న 6 వోల్టుల బల్బు కట్టాం. కలిసి ఉన్నంతసేపు బల్బు వెలగదు, విడిపోగానే వెలుగుతుంది. పిస్టన్ పైకొచ్చేదానికి సుమారు 3 మిల్లీమీటర్ల ముందు అది వెలగాలి. ఇక్కడ నాయన మాట గుర్తుకొచ్చింది. "ఎక్కువ తిప్పొద్దు, రవంత. రవంత చాలు" అనేవాడు. రవ్వ అంటే నిప్పురవ్వ. చిటికెడు ముక్కను కూడా రవ్వే అంటాం. రవ్వ సరిగ్గా పడాలంటే రవంతే తిప్పాలి. మనవడికి "లైట్‌గా" అంటేనే తెలుసు. ఆ రోజు నుంచి వాడూ "రవంత" అంటున్నాడు.

లీటరు పెట్రోలుకు 40 మిల్లీలీటర్ల ఆయిల్ కలిపి పోశాం. ఆరో కిక్కుకు బండి అందుకుంది. కానీ యాక్సిలరేటర్ తిప్పగానే ఆగిపోయినట్లయ్యి, మళ్ళీ గట్టిగా అరిచేది. స్క్రూ అటూ ఇటూ తిప్పి నేను విసిగిపోయాను. అమ్మ అరుగు మీదనుంచే, "అట్ల గుక్కపడుతుందేమప్పా? మీ నాయనప్పుడు ఇట్ల గుక్కపట్టేది కాదే" అనింది.

బిడ్డ ఏడ్చి ఏడ్చి ఊపిరి నిలిపేస్తే గుక్కపట్టింది అంటాం. అప్పుడు వెలిగింది నాకు. బండికి ఊపిరి ఆడ్డం లేదు, అంటే పెట్రోలు అందడం లేదు. కార్బొరేటర్ విప్పితే ఐడిల్ జెట్‌లో ట్యాంకు నుంచి వచ్చిన సన్నటి తుప్పు నలుసు. తీగ దూర్చలేదు, దూరిస్తే రంధ్రం పెద్దదవుతుంది. పెట్రోల్లో నానేసి, గాలి ఊది తీశాం. స్క్రూ మెల్లగా చివరిదాకా బిగించి, ఒకటిన్నర చుట్టు వదులుచేసి, ఇంజను వేడెక్కాక రవంత సరిచేశాం. గుక్క పోయింది.

ముప్పై ఏళ్ళు బ్యాంకులో లెడ్జర్లు రాసినవాణ్ణి గనక, ఈ పని లెక్క కూడా నోటుపుస్తకంలో రాసిపెట్టాను. ఖర్చుల కింద మనవడు ఇంకో పేజీ తెరిచి మాటలు రాస్తున్నాడు: తుప్పు, తుక్కు, తురు, రవంత, గుక్క. మీ ఇంట్లో పెద్దవాళ్ళు బండి దగ్గరో, బావి మోటారు దగ్గరో ఏమని పిలుస్తారో ఇప్పుడే అడిగి రాసిపెట్టుకోండి. అవి తుక్కు కాదు. తుప్పు పట్టినాయి, అంతే.