పలువురి మాట – ఒక్క రూపం

‘పుర్రెకో బుద్ధి, జిహ్వకో రుచి’ అన్నారు పెద్దలు. ఈ సామెతలోని సత్యం గ్రాఫిక్ డిజైన్ రంగంలో అడుగడుగునా గోచరిస్తుంది. అక్షరాలను, బొమ్మలను, రంగులను, ఖాళీ స్థలాన్ని పొందికగా కూర్చి ఒక భావాన్ని కంటికి అందించే కళ అది. అందులో ప్రతివారి సూచననూ చేరుస్తూ పోతే రూపం గందరగోళమవుతుంది. ఎవరి మాటా వినకపోతే అది ప్రజలది కాకుండా పోతుంది. ఈ చిక్కును విడదీయడమెట్లాగో మన జాతీయ పతాక చరిత్ర తెలియజేస్తుంది.

1921లో బెజవాడలో అఖిల భారత కాంగ్రెస్ సంఘం సమావేశమైనప్పుడు పింగళి వెంకయ్య ఎరుపు, ఆకుపచ్చ రంగులతో, రాట్నం గుర్తుతో ఒక పతాకాన్ని రూపొందించారు. గాంధీజీ సూచనపై దానికి తెలుపు చేరింది. ఎరుపు హిందువులకు, ఆకుపచ్చ ముస్లిములకు, తెలుపు ఇతర మతస్థులకు సంకేతమని నాడు వివరించారు. చిక్కు అక్కడే మొదలైంది. రంగు మతానికి గుర్తయినప్పుడు, తమ రంగుకూ చోటు కావాలని సిక్కులు కోరడం సహజమే. అడిగినవారందరి రంగులూ చేర్చుకుంటూ పోతే జెండాకు అంతమెక్కడ?

1931 ఏప్రిల్‌లో కాంగ్రెస్ కార్యవర్గం ఈ విషయ పరిశీలనకు ఏడుగురు సభ్యుల సంఘాన్ని నియమించింది. భోగరాజు పట్టాభి సీతారామయ్య దాని కన్వీనరు. ఆ సంఘం అభిప్రాయాలను సేకరించి, జెండా అంతా కేసరి రంగులో ఉండి ఒక మూల రాట్నం ఉండాలని సూచించింది. ఆ సూచన ఆమోదం పొందలేదు. ఆ సంవత్సరం ఆగస్టులో కేసరి, తెలుపు, ఆకుపచ్చ రంగుల పతాకాన్ని స్వీకరిస్తూ, ఈ రంగులకు మతాలతో సంబంధం లేదని ప్రకటించారు. కేసరి ధైర్యత్యాగాలకు, తెలుపు సత్యశాంతులకు, ఆకుపచ్చ విశ్వాస శౌర్యాలకు చిహ్నాలయ్యాయి. ఫిర్యాదును మన్నించారు, కాని రంగుల సంఖ్యను పెంచలేదు, వాటి అర్థాన్ని మార్చారు.

1947 జూలై 22న రాజ్యాంగ సభ నేటి పతాకాన్ని ఆమోదించింది. రాట్నానికి ఒక కొసన చక్రం, మరొక కొసన కదురు ఉంటాయి. కనుక జెండా రెండవవైపున ఆ బొమ్మ తారుమారుగా కనిపిస్తుంది. నెహ్రూ సభలో ఈ ఇబ్బందిని వివరించారు. సారనాథ్ స్తంభంపైని అశోకచక్రం ఎటు చూసినా ఒకే తీరుగా ఉంటుంది. ఇక్కడ గెలిచినది ఒకరి అభిరుచి కాదు, అందరూ పరీక్షించి చూడగల కారణం.

కళాశాల సంచిక ముఖచిత్రానికైనా ఈ పద్ధతే వర్తిస్తుంది. ‘ఈ రంగు మార్చండి’ అన్నవారిని ‘ఎందుకు?’ అని అడగాలి. బాధ చెప్పవలసినవాడు రోగి, మందు నిర్ణయించవలసినవాడు వైద్యుడు. ఆ రూపం ఎవరికోసం, ఏ ప్రయోజనం కోసమన్నది ముందే నిశ్చయించుకుంటే, ఏ సూచనను గ్రహించాలో, దేనిని సవినయంగా విడిచిపెట్టాలో తెలుస్తుంది. అభిప్రాయాలు అందరివీ కావచ్చు. తుది నిర్ణయానికి మాత్రం బాధ్యత వహించేవారు ఉండాలి. తమ మాట నెగ్గకపోయినా, అది ఎందుకు నెగ్గలేదో తెలిసినవారు ఆ రూపాన్ని తమదిగానే భావిస్తారు.