కప్పు కాఫీకి ఓ లెక్కుంది!

పొద్దున్నే కాఫీ చుక్క గొంతులో పడితేగానీ మీకు రోజు మొదలవదా? మంచిదే. కానీ ఆ కాఫీలో ఏ పొడి వేస్తున్నారు, దేనిలో వడకడుతున్నారు, ఏ వేళకు తాగుతున్నారు? ఈ మూడూ తెలిస్తే రుచీ బాగుంటుంది, ఆరోగ్యమూ బాగుంటుంది.

బాలాపూర్ పేరు చెప్పగానే అందరికీ గుర్తొచ్చేది 1994లో మొదలైన వినాయకుడి లడ్డూ వేలం. ఒకప్పుడు ఊరుగా ఉన్నది ఇప్పుడు హైదరాబాద్‌తో కలిసిపోయింది. బయట హోటల్‌కు వెళితే చాయ్‌దే రాజ్యం. ఇళ్లలోకి వస్తే మాత్రం చాలా వంటింటి గట్ల మీద స్టీలు ఫిల్టర్ కనిపిస్తుంది. అలాంటి ఓ ఇంటిని ఊహించుకోండి. అమ్మ పరగడుపున థైరాయిడ్ మాత్ర వేసుకుని, ఆ వెంటనే కాఫీ గ్లాసు అందుకుంటుంది. నాన్న రెండో కప్పు తాగుతూనే బీపీ మెషిన్ చేతికి చుట్టుకుంటారు. ఇంటర్ చదివే అమ్మాయి రాత్రి పదింటికి కాఫీ కలుపుకొని పుస్తకం తీస్తుంది. ఈ ముగ్గురూ కాఫీ వల్ల ఏదో ఒకటి నష్టపోతున్నారు. అలాగని ఎవరూ మానేయక్కర్లేదు, చిన్న మార్పులు చాలు.

ముందు పొడి సంగతి

కాఫీ గింజల్లో మనకు దొరికేవి ప్రధానంగా రెండు రకాలు. అరబికాలో సువాసన ఎక్కువ, చేదు తక్కువ. రోబస్టాలో చిక్కదనం, చేదు ఎక్కువ. కెఫీన్ అరబికాలో సుమారు 1.2 శాతం ఉంటే, రోబస్టాలో దాదాపు రెట్టింపు ఉంటుంది. మన పక్కనే పండే అరకు కాఫీ అరబికా రకమే. తూర్పు కనుమల్లో గిరిజన రైతులు చెట్ల నీడన పండించే ఈ గింజలకు 2019లో భౌగోళిక గుర్తింపు దక్కింది.

ఇక చికోరీ. ఇది కాఫీ కాదు, ఒక మొక్క వేరును వేయించి చేసిన పొడి. దీనిలో కెఫీన్ ఉండదు. డికాక్షన్‌కు నల్లటి రంగు, చిక్కదనం ఇస్తుంది. అందుకే చికోరీ ఎక్కువైన కాఫీ చూడ్డానికి ‘స్ట్రాంగ్’గా ఉన్నా, అందులో కెఫీన్ తక్కువే. మన దేశంలో మిశ్రమంలో చికోరీ 49 శాతం మించకూడదు, ఎంత కలిపారో ప్యాకెట్ మీద రాయాలి. కొనే ముందు ఆ అంకె చూడండి. 80 పాళ్లు కాఫీ, 20 పాళ్లు చికోరీ ఉన్నది ఇంటిల్లిపాదికీ నప్పుతుంది. కాఫీ ధర పెట్టి సగం చికోరీ కొనుక్కోవడం ఎందుకు?

పొడి ఒకేసారి కిలో కొనొద్దు. వేయించి మరపట్టాక సువాసన రోజురోజుకూ తగ్గిపోతుంది. పదిహేను రోజులకు సరిపడా తెచ్చుకుని, గాలి చొరబడని డబ్బాలో, పొయ్యికి దూరంగా పెట్టండి. ఫ్రిజ్‌లో పెడితే మాటిమాటికీ బయటికి తీయడంతో చెమ్మ పడుతుంది, పక్కనున్న కూరల వాసనా పట్టేస్తుంది.

ఏ ఫిల్టర్ కొనాలి?

స్టీలు ఫిల్టర్: మన ఇళ్లకు ఇదే మేలు. కరెంటు అక్కర్లేదు, ఏళ్ల తరబడి మన్నుతుంది. కొనేటప్పుడు పై గిన్నెను వెలుతురుకు పట్టి చూడండి. రంధ్రాలు సన్నగా, ఒకే తీరుగా ఉండాలి. పెద్దవైతే పొడి కిందికి దిగుతుంది. పై గిన్నె కింది గిన్నె మీద బిగువుగా కూర్చోవాలి. ఇద్దరే ఉండే ఇంటికి ఆరు కప్పుల ఫిల్టర్ కొనొద్దు. పొడి పలచగా పరుచుకుంటే నీళ్లు ఆగకుండా జారిపోతాయి, సారం దిగదు.

ఇత్తడి ఫిల్టర్: చూడముచ్చటగా ఉంటుంది. అయితే లోపల కళాయి ఉండాలి, అది పోగానే మళ్లీ వేయించాలి. ఆ ఓపిక లేకపోతే స్టీలే నయం.

మోకా పాట్: పొయ్యి మీద ఆవిరి ఒత్తిడితో డికాక్షన్ పైకి ఎక్కుతుంది. అయిదారు నిమిషాల్లో అయిపోతుంది. నీళ్లు లోపలి సేఫ్టీ వాల్వ్‌ను దాటకూడదు. అల్యూమినియంతో చేసినవి ఇండక్షన్ స్టవ్ మీద పనిచేయవు.

ఫ్రెంచ్ ప్రెస్, కాగితం ఫిల్టర్: వీటి మధ్య తేడా రుచిది మాత్రమే కాదు. కాఫీ నూనెలో కెఫెస్టాల్ అనే పదార్థం ఉంటుంది. అది చెడు కొలెస్ట్రాల్‌ను పెంచుతుంది. కాగితం దాన్ని చాలావరకు ఆపేస్తుంది. ఫ్రెంచ్ ప్రెస్‌లో అది నేరుగా కప్పులోకి వస్తుంది. స్టీలు జల్లెడ కూడా కాగితంలా ఆపలేదు. రోజుకు ఒకటి రెండు కప్పులు తాగేవారు దీని గురించి బెంగ పడక్కర్లేదు. కొలెస్ట్రాల్ ఎక్కువగా ఉండి, నాలుగైదు కప్పులు తాగేవారు మాత్రం కప్పులు తగ్గించాలి, లేదా కాగితం ఫిల్టర్‌కు మారాలి.

వేలకు వేలు పోసి ఎస్ప్రెసో మెషిన్ కొనే ముందు ఒక్క మాట. పొడి పాతదైతే ఏ మెషినూ కాపాడలేదు. తాజా పొడి ఉంటే మామూలు స్టీలు ఫిల్టరే చాలు.

నలుగురికి ఇలా చేయండి

20 గ్రాముల పొడి పై గిన్నెలో వేసి సమంగా పరచండి. గొడుగులాంటి పళ్లెంతో తేలిగ్గా అదమండి. గట్టిగా నొక్కితే నీళ్లు దిగవు. నీళ్లు మరిగాక పొయ్యి కట్టేసి అర నిమిషం ఆగండి. 200 మిల్లీలీటర్ల నీటిని చుట్టూ తిప్పుతూ పోసి మూత పెట్టండి. పదిహేను ఇరవై నిమిషాలు కదపొద్దు. దాదాపు 150 మిల్లీలీటర్ల డికాక్షన్ దిగుతుంది. కప్పుకు రెండున్నర పెద్ద చెంచాలు పోసి, అప్పుడే పొంగిన పాలు వంద మిల్లీలీటర్లు కలపండి. డికాక్షన్‌ను మళ్లీ మరిగించొద్దు, చేదెక్కుతుంది.

నీళ్ల విషయంలోనూ శ్రద్ధ పెట్టాలి. బోరు నీళ్లు గట్టివైతే కాఫీ చప్పగా, సుద్ద రుచితో ఉంటుంది. ఫిల్టర్ రంధ్రాలు ఉప్పుతో మూసుకుపోతాయి. తాగే నీళ్లే కాఫీకీ వాడండి. డికాక్షన్ చుక్కచుక్కగా దిగుతుంటే నిమ్మరసం కలిపిన వేడి నీటిలో పై గిన్నెను అరగంట నానబెట్టి, మెత్తని బ్రష్‌తో రుద్దండి.

రోజుకు ఎన్ని కప్పులు?

హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన ఆహార మార్గదర్శకాల ప్రకారం రోజుకు కెఫీన్ 300 మిల్లీగ్రాములు మించకూడదు. 150 మిల్లీలీటర్ల ఫిల్టర్ కాఫీలో 80 నుంచి 120, ఇన్‌స్టంట్ కాఫీలో 50 నుంచి 65, టీలో 30 నుంచి 65 మిల్లీగ్రాములు ఉంటుంది. అంటే ఫిల్టర్ కాఫీ రెండు మూడు కప్పుల దగ్గర ఆగిపోవాలి. ఆఫీసులో తాగే టీ కూడా ఇదే లెక్కలోకి వస్తుందని మరవొద్దు. గర్భిణులకు 200 మిల్లీగ్రాములే హద్దని ఐరోపా ఆహార భద్రతా సంస్థ చెబుతోంది. చిన్నపిల్లలకు కాఫీ అలవాటు చేయకపోవడమే మంచిది.

చక్కెరనూ లెక్కేయండి. చెంచా చక్కెర అంటే సుమారు 5 గ్రాములు. కప్పుకు రెండు చెంచాల చొప్పున మూడు కప్పులు తాగితే 30 గ్రాములు. రోజు మొత్తానికి 25 గ్రాముల లోపు ఉంటే ఇంకా మేలని ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచన. కాఫీతోనే ఆ హద్దు దాటేస్తున్నాం!

వేళ తప్పితేనే ఇబ్బంది

మాత్రలు: థైరాయిడ్ మాత్ర మంచినీళ్లతోనే వేసుకోవాలి. ఆ తర్వాత కనీసం అరగంట, వీలైతే గంట ఆగి కాఫీ తాగాలి. లేదంటే మందు సరిగా ఒంటబట్టదు. డోసు పెంచినా టీఎస్‌హెచ్ తగ్గట్లేదంటే, ఈ అలవాటు గురించి కూడా డాక్టరుకు చెప్పండి. మీ అంతట మీరు డోసు మార్చొద్దు.

టిఫిన్, భోజనం: కాఫీ, టీల్లోని పాలీఫినాల్స్ ఆహారంలోని ఐరన్‌ను ఒంటబట్టనీయవు. మన దేశంలో 15 నుంచి 49 ఏళ్ల మహిళల్లో 57 శాతం మందికి రక్తహీనత ఉందని జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చెప్పింది. కాబట్టి భోజనానికి గంట ముందు, గంట తర్వాత కాఫీ వద్దు. ఐరన్ మాత్రను అసలే కాఫీతో వేసుకోవద్దు.

బీపీ: కాఫీ తాగిన అరగంట లోపు చూస్తే బీపీ కాస్త ఎక్కువగా చూపించవచ్చు. ముందు బీపీ చూసుకోండి, తర్వాత కాఫీ తాగండి.

నిద్ర: తాగిన అయిదు గంటలకు కూడా సగం కెఫీన్ ఒంట్లోనే ఉంటుంది. పడుకోవడానికి ఆరు గంటల ముందు ఎక్కువ మోతాదులో కెఫీన్ తీసుకున్నా గంటకు పైగా నిద్ర తగ్గినట్టు 2013లో ఓ అమెరికా అధ్యయనం తేల్చింది. చదివింది గుర్తుండాలంటే నిద్ర కావాలి. పరీక్షల ముందు రాత్రి కాఫీ ఆ నిద్రనే దోచేస్తుంది. సాయంత్రం నాలుగు దాటాక కాఫీ వద్దని ఇంట్లో ఓ నియమం పెట్టుకోండి.

తగ్గించాలనుకుంటే ఒక్కరోజులో మానేయొద్దు, తలనొప్పి, చిరాకు మొదలవుతాయి. వారానికో అరకప్పు చొప్పున తగ్గించండి. ఛాతీలో మంట, గుండెదడ, నిద్రలేమి ఉన్నవారు డాక్టర్ సలహా తీసుకోవాలి.

రేపు పొద్దున మీ ఇంట్లో రెండు పనులు చేసి చూడండి. అమ్మ మాత్రకూ కాఫీకీ మధ్య గంట ఆగండి. కాఫీకీ టిఫిన్‌కూ మధ్య మరో గంట ఉంచండి. ఈలోగా డికాక్షన్ కూడా తీరిగ్గా దిగుతుంది!