మీకు తెలుసా? చింతగింజలతో అతికే బొమ్మలు

పసిపిల్లల గదికి అందం తెచ్చే కిన్నాళ బొమ్మల్లో కొయ్య ముక్కలను కలిపి పట్టి ఉంచేది చింతగింజల జిగురు.  కర్ణాటకలో కొప్పళ దగ్గరి కిన్నాళ ఊళ్లోని చిత్రగార కళాకారుల కుటుంబాలు తేలికపాటి కొయ్యతో దేవతామూర్తులనూ జంతువులనూ పక్షులనూ పండ్లనూ చెక్కుతాయి. గోనె పీలికలను నానబెట్టి, ఎండబెట్టి, పొడి చేసి, రంపపు పొట్టూ చింతగింజల ముద్దా కలిపితే ‘కిట్ట’ తయారవుతుంది. ముక్కలను అతికించాక దాన్ని బొమ్మ ఒంటినిండా చేత్తో పూస్తారు. అసలు నేర్పంతా ఆ తరువాతి పనిలో ఉంది: గులకరాళ్ల పొడిని బంకతో కలిపి, బొమ్మ ఒంటిమీది నగలను ఉబ్బెత్తుగా తీర్చి, ఆపైన ముదురు రంగులు అద్దుతారు. కొండపల్లి బొమ్మల ముక్కలను అతికించే ‘మక్కు’ అనే ముద్దలోనూ చింతగింజల పొడే ఉంటుంది.

పసివాళ్లు చేతికందినదల్లా నోట్లో పెట్టుకుంటారు గనుక బొమ్మ రంగునూ గోడ రంగునూ చూసి ఎంచుకోవాలి. ఇళ్లకు వేసే రంగుల్లో సీసం పది లక్షల పాళ్లకు 90 పాళ్లు మించరాదన్న 2016 నాటి కేంద్ర నిబంధన 2017 నవంబరులో అమలులోకి వచ్చింది. అంతకుముందు వేసిన రంగు పెచ్చులూడుతున్న గోడ పక్కన ఉయ్యాల కట్టకూడదు.