పాలపంటిలో పన్నెండు కణాలు

‘ఊడిన పన్నే సంజీవని’ అని శీర్షిక ముందే పెట్టేసి, శుక్రవారంలోగా ముఖచిత్ర కథనం ఇమ్మన్నారు ఎడిటర్‌గారు. బొమ్మ కూడా సిద్ధం: ముందు పళ్ళు రాలిన పాప నవ్వు. అంత శీర్షికకు తగ్గ సరుకుందా అన్న అనుమానంతోనే పాలపంటి మూలకణాలపై (స్టెమ్ సెల్స్) 2003 నాటి పరిశోధన పత్రం తెరిచాను. తెరిచాక వదలబుద్ధి కాలేదు.

దాని వెనక కథ అమెరికాలోని బెథెస్డాలో, జాతీయ ఆరోగ్య సంస్థల్లో పనిచేస్తున్న సాంగ్‌టావ్ షీ ఇంట్లో మొదలైంది. ఆయన పిల్లల దంతవైద్యుడు కూడా. ఆరేళ్ళ కూతురు ఓ రాత్రి కదులుతున్న పన్ను పీకిపెట్టమంది. పీకాక తండ్రీకూతుళ్ళు దాన్ని తిప్పి తిప్పి చూశారు. లోపల ఎర్రగా ఏదో ఉంది. మర్నాడు ల్యాబ్‌లో చూస్తే పంటి గుజ్జు! ఇంకో పన్ను కదిలేసరికి ఆయన కణాలను పెంచే ద్రవం సిద్ధం చేసుకున్నాడు. పన్ను ఊడగానే అందులో వేసి, కారెక్కి ల్యాబ్‌కి వెళ్ళాడు. ప్రాణమున్న మూలకణాలు దొరికాయి.

పత్రంలో వాడినవి 7-8 ఏళ్ళ పిల్లల ముందు పళ్ళు. ఒక్కో పంటి నుంచి ల్యాబ్ గిన్నెకు అతుక్కుని గుంపు కట్టినవి 12 నుంచి 20 కణాలే. గుప్పెడు కూడా కాదు. కానీ ఎముక మజ్జ మూలకణాల కంటే వడిగా పెరిగాయి. నరాల కణాల్లా, కొవ్వు కణాల్లా మారాయి. నాకు నచ్చిన సంగతి వేరే. ఎలుకలో పెట్టినప్పుడు ఇవి తాము ఎముకగా మారలేదు, ఎలుక కణాల చేతే ఎముక కట్టించాయి. తాపీ పట్టని మేస్త్రీలన్నమాట!

మిగతా చరిత్ర గబగబా: 2000లో షీ బృందమే పెద్దల పళ్ళలో మూలకణాలు కనిపెట్టింది. 2012లో జపాన్‌లోని నగోయా పరిశోధకులు వెన్నుపాము తెగిన ఎలుకల్లో పంటి మూలకణాలు వాడితే వెనక కాళ్ళకు కొంత కదలిక వచ్చింది. 2018లో వెలువడిన అధ్యయనంలో, చైనాలోని షియాన్‌లో దెబ్బతగిలి లోపల గుజ్జు చచ్చిన పళ్ళున్న పిల్లలకు వాళ్ళ పాలపంటి కణాలే ఎక్కించారు. ఏడాది తర్వాత చూసిన 26 మందిలో పంటి వేరు పెరిగింది, రక్తప్రసరణా స్పర్శా తిరిగొచ్చాయి. ఎలుకల్ని వదిలి మనుషుల మాటకొస్తే నాకు గట్టిగా కనిపించిన ఫలితం ఇదే: పన్ను పంటికే మందైంది. దీన్నిబట్టి మధుమేహానికీ పక్షవాతానికీ హామీలివ్వడం వ్యాపారం.

పన్ను బ్యాంకులో దాచుకోమంటే?

పన్ను ఊడాక ఎండిపోతే కణాలు చస్తాయి. డబ్బాలో దాచిన పాతపళ్ళు ఇందుకు పనికిరావు. భారత వైద్య పరిశోధన మండలి 2017 మార్గదర్శకాల ప్రకారం మన దేశంలో బొడ్డుతాడు రక్తాన్ని తప్ప మరే జీవపదార్థాన్నీ వ్యాపారపరంగా బ్యాంకుల్లో దాచడానికి అనుమతి లేదు. పంటి గుజ్జూ ఆ నిషేధంలోకే వస్తుంది. ఎవరైనా ప్యాకేజీ పట్టుకొస్తే ముందు అనుమతి పత్రం చూపించమనండి.