ఇంటి కుక్కకు ఆపరేషన్ – పాడి పశువుకు రక్షణ

పాలసంఘం పత్రికలో కుక్కల సంగతి ఎందుకని సభ్యులకు అనిపించవచ్చు. పొద్దున పాలకేంద్రానికి క్యాన్లు పట్టుకొని వచ్చేవారి వెంట ఎన్ని కుక్కలు వస్తున్నాయో ఒకసారి లెక్కపెట్టి చూడండి. ఒలికిన పాలకోసం గడప దగ్గర కాచుకొని వుండే పిల్లి సంగతి సరేసరి. పిల్లి లేని పాలకేంద్రాన్ని మేము ఇంతవరకు చూడలేదు. ఇవి ఎవరివి అని అడిగితే ఎవరివీ కావంటారు. కాని వీటిలో చాలావాటి తల్లి ఏదో ఒక సభ్యుని కొట్టంలోనో, గడ్డివాము కిందనో పిల్లలు పెట్టి వుంటుంది. అందుకే ఈ మాట మనం మాట్లాడుకోవలసి వచ్చింది.

చిత్తకార్తె కుక్కలు అని మన పెద్దలు వూరికే అనలేదు. అక్టోబరు రెండవ వారంలో వచ్చే ఈ కార్తె రోజుల్లో ఆడకుక్కలు ఎక్కువగా ఎదకు వస్తాయి. కుక్కకు చూలు సుమారు 63 రోజులు. అంటే వరికోతలై వాములు వేసుకొనే డిసెంబరు నాటికి పిల్లలు పుడతాయి. బర్రె ఈనడానికి పది నెలలు ఎదురుచూసే మనకు ఇది ఎంత తక్కువ కాలమో వేరే చెప్పనక్కర లేదు. ఆడకుక్క ఇంచుమించు ఆరు నెలలకొకసారి ఎదకు వస్తుంది. ఒక్కొక్కసారి నాలుగు నుండి ఆరు పిల్లలు పెట్టడం మామూలు. పిల్లి ఇంకా తొందర. ఆరు నెలలైనా నిండకముందే ఎదకు రాగలదు, పిల్లలకు పాలిస్తూండగానే మళ్లీ చూలు కట్టగలదు.

ఇంట్లో పుట్టిన పిల్లల్లో మగవాటిని ఎవరో ఒకరు అడిగి తీసుకుపోతారు. మిగిలిన ఆడపిల్లలను ఏం చేస్తున్నాం? సంచిలో వేసి దూరంగా వదిలి రావడం పల్లెల్లో అందరికీ తెలిసిన పని. మన వైపు వూళ్లకు గుట్ట దగ్గర. అక్కడైతే హోటళ్లున్నాయి, ఎంగిలి విస్తళ్లున్నాయి, ఎలాగో బతుకుతుందని మనసుకు సర్దిచెప్పుకుంటాం. 2022 మార్చి 28న పునర్నిర్మించిన ఆలయం తెరిచిన తర్వాత యాత్రికుల రద్దీ పెరిగింది, దానితో పాటు తిండి కూడ. వదిలిన పిల్ల బతికితే ఏడాది తిరగకుండానే తల్లి అవుతుంది. కుక్కకు వూరి పొలిమేర తెలియదు. తిండి వున్న చోటునుండి పశువులున్న చోటుకు రావడం దానికి ఒక పూట పని.

ఇక పాడి విషయం. పిచ్చికుక్క కరిచిన బర్రెకు వెంటనే ఏమీ తెలియదు. కొన్ని వారాలకో, నెలలకో మేత మానుతుంది, పాలు తగ్గుతాయి, నోటివెంట చొంగ కారుతుంది, గొంతు బొంగురుపోయి అదేపనిగా అరుస్తుంది. చాలామంది గొంతులో ఏదో అడ్డంపడిందనుకొని నోట్లో చెయ్యి పెట్టి చూస్తారు. ఇంతకంటె ప్రమాదమైన పని లేదు. ఆ చొంగలోనే రేబిస్ క్రిమి వుంటుంది. చేతిమీద చిన్న గీత వున్నా చాలు. లక్షణాలు కనబడిన తర్వాత పశువుకు గాని మనిషికి గాని వైద్యం లేదు. కరిచిన వెంటనే అయితే వుంది: గాయాన్ని పావుగంట సేపు సబ్బుతో, పారే నీటితో కడగాలి, ఆలస్యం చేయకుండా డాక్టరు చెప్పిన వరుసలో టీకాలన్నీ వేయించాలి. పశువుకూ ఇదే పద్ధతి. అనుమానం వున్న పశువు పాలు కేంద్రానికి పోయరాదు. మరగకాచిన పాలలో ఈ క్రిమి బతకదు. అయినా ఆ పాలు పచ్చివి తాగినవారు వుంటే వెంటనే డాక్టరుకు చెప్పాలి.

రేబిస్ సంగతి కొంతయినా తెలుసు. బర్రెలు, ఆవులు ఐదారు నెలల చూలు వేసుకుపోవడానికి కుక్క కూడ ఒక కారణం కావచ్చునని మాత్రం చాలామందికి తెలియదు. నియోస్పోరా అనే సూక్ష్మజీవి వుంది. శాస్త్రజ్ఞులు దానికి ఈ పేరు పెట్టింది 1988లో. కుక్క మాయను గాని, చచ్చిపుట్టిన దూడను గాని తిన్నప్పుడు అది దాని కడుపులో చేరి, పెంటలో బయటపడి, మేత ద్వారా, నీటి ద్వారా చూలు పశువుకు ఎక్కుతుంది. కొన్ని వూళ్లలో మాయను మర్రిచెట్టుకు కట్టే ఆచారం వుంది. పాలచెట్టుకు కడితే పాలు పెరుగుతాయని నమ్మకం. నమ్మకాన్ని మేము తప్పుపట్టడం లేదు, కాని కట్టింది రాత్రికి కింద పడితే తినేది కుక్కే. లోతుగా గుంట తీసి పూడ్చడం మేలు.

కుక్కలను చంపితే పీడ పోతుంది కదా అనేవారున్నారు. 2023 ఫిబ్రవరిలో హైదరాబాదు అంబర్‌పేటలో వీధికుక్కలు నాలుగేళ్ల బాలుని చంపినప్పుడు రాష్ట్రమంతా ఇదే మాట వినబడింది. ఆ మరుసటి సంవత్సరం ఫిబ్రవరిలో మహబూబ్‌నగర్ జిల్లా పొన్నకల్‌లో రాత్రివేళ సుమారు ఇరవై కుక్కలను తుపాకీతో కాల్చి చంపారు. బిడ్డను పోగొట్టుకున్న తల్లిదండ్రుల బాధకు మేము ఎదురు చెప్పలేము. అయితే చంపడం చట్టవిరుద్ధం, అంతకుమించి పనికిరాని పని. తిండి వున్నంతవరకు ఖాళీ అయిన చోటికి పక్క వూరి కుక్కలు వస్తాయి. టీకా లేని కొత్త కుక్కలు వస్తాయి. ఆపరేషన్ చేసి, టీకా వేసి, పట్టిన చోటే వదిలిన కుక్క తన వాడలోకి కొత్తవాటిని రానివ్వదు. నూటికి 70 కుక్కలకు టీకా పడితే రేబిస్ వ్యాప్తి ఆగుతుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతున్నది. కేంద్ర ప్రభుత్వం 2001లోను, మళ్లీ 2023లోను చేసిన నియమాలు ఈ పద్ధతినే అనుసరించాయి. వీధికుక్కల పని స్థానిక సంస్థలది. పెంపుడు కుక్క సంతానం, టీకా బాధ్యత యజమానిది. రెండవ మాట మన గురించే.

ఆపరేషన్ అంటే భయపడనవసరం లేదు. కోడెదూడలకు బర్డిజోతో విత్తులు నొక్కించడం మనకు అలవాటే. కుక్కకు మాత్రం అలా పైనుండి నొక్కరాదు. మత్తు ఇచ్చి చిన్న కోతతో విత్తులు తీసివేస్తారు. ఆడకుక్కకు, ఆడపిల్లికి పొట్ట కోసి అండాశయాలను, గర్భసంచిని తీసివేస్తారు. ఇది పశువైద్యులు చేయవలసిన శస్త్రచికిత్స; గోపాలమిత్రను ఇబ్బంది పెట్టకండి. అన్ని పశువైద్యశాలల్లో సౌకర్యం వుండదు గనుక ముందుగా మీ డాక్టరును అడిగి రోజు ఖాయం చేసుకోండి. నలుగురైదుగురు సభ్యులు కలిసి అడిగితే పని సులువవుతుంది.

ఆరు నెలల వయసు, అంటే మొదటిసారి ఎదకు రాకముందు, మంచి అదను. అప్పుడు చేయిస్తే పెద్దయిన తర్వాత పొదుగులో గడ్డలు వచ్చే భయం చాలా తగ్గుతుంది. గర్భసంచిలో చీముపట్టే జబ్బు రాదు. ఒక్కసారైనా పిల్లలు పెట్టాలి అనేది వట్టి మాట. ఎదలో వున్నప్పుడు రక్తస్రావం ఎక్కువ కాబట్టి ఆ రోజుల్లో చేయించరాదు.

కాపలా మానుతుందేమోనని రైతులకు పెద్ద సందేహం. కొత్తవారిని చూసి మొరగడం విత్తులతో వచ్చిన గుణం కాదు. మానేది ఎదకుక్కల వెంట రాత్రంతా తిరగడం, కొట్లాడి గాయాలతో రావడం. అంటే కొట్టం దగ్గర ఇంకా ఎక్కువసేపు వుంటుంది. లావెక్కడం మాత్రం నిజమే, తిండి కొంచెం తగ్గించాలి. పిల్లి కూడ ఎలుకలను పట్టడం మానదు. దాణా బస్తాల గదికి నాలుగు పిల్లులకంటె ఆపరేషన్ అయిన ఒక్క పిల్లి నయం.

ఆపరేషన్‌కు ముందు రాత్రినుండి మేత పెట్టవద్దు. తర్వాత పది రోజులు పేడ, తడి లేని చోట కట్టి వుంచాలి. కుట్లు నాకకుండ చూడాలి. అదే రోజు వీలుకాకపోతే రేబిస్ టీకా జులై 6న వేయించండి. 1885లో పాశ్చర్ ఒక బాలునికి మొదటి రేబిస్ టీకా వేసిన రోజు అది. ఆ రోజున మన పశువైద్యశాలల్లో ఉచితంగా వేయడం ఆనవాయితీ. మన దేశంలో ఈ టీకా చేసే పెద్ద సంస్థల్లో ఒకటైన ఇండియన్ ఇమ్యునొలాజికల్స్‌ను 1982లో హైదరాబాదులో నెలకొల్పింది జాతీయ పాడి అభివృద్ధి మండలే.

మగకుక్కకు ఆపరేషన్ అయిన తర్వాత కూడ కొన్ని వారాలపాటు చూలు చేసే శక్తి మిగిలివుంటుంది. నెలరోజులు విప్పకండి. ఆ లెక్కన బోనాల నెలలో చేయించిన కుక్కను చిత్తకార్తె నాటికి నిశ్చింతగా వదలవచ్చు.