ఫోనెత్తితే ఓడిపోయినట్టేనా?

2025 మే 10 సాయంత్రం పాకిస్తాన్‌తో కాల్పుల విరమణ ప్రకటించిన పాపానికి విదేశాంగ కార్యదర్శి విక్రమ్ మిస్రీని, ఏ సంబంధమూ లేని ఆయన కూతుర్ని కూడా బజారుకీడ్చారు. ఆయన ఎక్స్ ఖాతాకు తాళం వేసుకోవాల్సి వచ్చింది. నిర్ణయం ప్రభుత్వానిది, తిట్లు మాత్రం దాన్ని చదివి వినిపించిన మనిషికి! సింగపూర్‌లోని మన వాట్సాప్ గ్రూపుల్లోనూ అదే పాట: శత్రువుతో మాట్లాడామంటే లొంగిపోయామనే.

జరిగింది వేరు. ఆ తెల్లవారుజామున మన క్షిపణులు నూర్ ఖాన్ వంటి పాక్ వైమానిక స్థావరాల మీద పడ్డాయి. మధ్యాహ్నం 3.35కి పాక్ సైనిక కార్యకలాపాల డైరెక్టర్ జనరల్ (డీజీఎంఓ) మన డీజీఎంఓకు ఫోన్ చేశారు. దెబ్బ తగలకపోతే ఆ ఫోన్ మోగేది కాదేమో. అసలు ఫోనే లేకపోతే దెబ్బలు ఎక్కడ ఆగేవి? ఇలా మాట్లాడుకోవడం కొత్తా కాదు: 1988 డిసెంబరు 31న రెండు దేశాల మధ్య కుదిరిన ఒప్పందం ప్రకారం ఒకరి అణుకేంద్రాలపై మరొకరు దాడి చేయకూడదు. 1992 నుంచి ఏటా జనవరి 1న వాటి జాబితాలు మార్చుకుంటున్నారు. కార్గిల్ తర్వాత ఆగలేదు, పుల్వామా తర్వాతా ఆగలేదు. మాట్లాడటమే పిరికితనమైతే వాజ్‌పేయీ మొదలు మోదీ దాకా అందరూ పిరికివాళ్లే కావాలి.

మనం బతుకుతున్న ఈ ఊరినే చూడండి. నిరోధం, దౌత్యం తన విధానానికి రెండు స్తంభాలని సింగపూర్ రక్షణ శాఖే చెప్పుకుంటుంది. 1967 నుంచి నిర్బంధ సైనిక సేవ ఉంది, మన శాశ్వత నివాస (పీఆర్) కుటుంబాల మగపిల్లలూ ఆ యూనిఫాం వేస్తున్నారు. ఉత్తర కొరియాతో వ్యాపారాన్ని 2017 నవంబరులో పూర్తిగా నిషేధించిన ఈ దేశమే, ఏడు నెలలు తిరగ్గానే కిమ్‌ను, ట్రంప్‌ను సెంటోసాలో కూర్చోబెట్టింది.

ఇక గ్రూపుల్లో తిరిగే పుకార్ల సంగతి. పాక్‌లోని కిరానా కొండల్లో రేడియేషన్ లీకైందా? లేదని అంతర్జాతీయ అణుశక్తి సంస్థ అప్పుడే చెప్పింది. హైదరాబాద్ కరాచీ బేకరీ పాకిస్తానీలదా? దేశవిభజనప్పుడు వచ్చిన సింధీలది.

పాక్ అణు బెదిరింపు ఉత్త బూచి అనేవాళ్ల మాటలో కొంత నిజం ఉందని ఒప్పుకోక తప్పదు. ఆ మే నెలాఖరున ఇక్కడి షాంగ్రీలా డైలాగ్‌కు వచ్చిన మన జనరల్ అనిల్ చౌహాన్, మామూలు యుద్ధానికీ అణు గీతకూ మధ్య చాలా జాగా ఉందన్నారు. అదే సదస్సుకు వచ్చిన పాక్ జనరల్ సాహిర్ షంషాద్ మీర్జా మాత్రం లెక్క తప్పే ప్రమాదాన్ని కొట్టిపారేయలేమన్నారు. ఆ జాగా ఎంతుందో కొలిచి చూసే సరదా మనకెందుకు?

ఫార్వర్డ్ నొక్కే ముందు భారత విదేశాంగ శాఖ ప్రకటనో, పీఐబీ ఫ్యాక్ట్ చెక్కో ఒకసారి చూడండి. తప్పుడు వార్తల మీద ఇక్కడ 2019లోనే చట్టం వచ్చింది. గ్రూపు అడ్మిన్లూ, ఈ మాట ముందు మీకే.