పికప్ కొంటున్నారా? ఇంటిల్లిపాదినీ ఎక్కించి చూడండి

టమోటా కోతకొచ్చిందంటే చాలు, బండి కోసం వెతుకులాట మొదలవుతుంది. సరుకు వేళకు మదనపల్లె మార్కెట్ చేరాలి. కిరాయి బండి వాడేమో నలుగురి క్రేట్లు నిండితే గానీ కదలడు. అదే వారంలో దగ్గర చుట్టాలింట్లో పెళ్లి ఉంటుంది. ముసలమ్మను ఆస్పత్రికి తీసుకెళ్లాల్సి ఉంటుంది. 'మనకే ఒక బండి ఉంటే సరుక్కీ, ఇంటికీ పనికొస్తుంది కదా' అని అనుకోని రైతు ఉండడు.

అలా అనుకుని షోరూముకు వెళ్లేవాళ్లు ఎక్కువమంది అడిగేది రెండే ప్రశ్నలు. ఎన్ని టన్నులు లాగుతుంది? మైలేజీ ఎంత? ఇంట్లో వాళ్లు ఎక్కడ కూర్చుంటారన్న ప్రశ్న కొన్న తర్వాత గానీ గుర్తుకు రాదు. అప్పుడు మగవాళ్లు ముందు, ఆడవాళ్లూ పిల్లలూ వెనక తొట్టిలో అన్నట్టు తయారవుతుంది. ఇక్కడే అసలు ప్రమాదం ఉంది. సరుక్కీ సంసారానికీ ఒకే బండి కావాలంటే ఎలాంటిది చూసుకోవాలో, అసలు కొనాలో వద్దో లెక్క వేసుకుందాం.

తొట్టిలో మనుషులు వద్దే వద్దు

వెనక తొట్టి సరుకు కోసం చేసినది. పట్టుకోవడానికి ఆధారం ఉండదు, బెల్టు ఉండదు. గట్టిగా బ్రేకు వేస్తే నిలబడ్డ మనిషి కేబిన్‌కు కొట్టుకుంటాడు. మలుపులో బండి పల్టీ కొడితే తొట్టిలో ఉన్నవాళ్లు దాని కిందే పడతారు.

ప్రాణం సంగతి అలా ఉంచి బీమా సంగతి చూడండి. సరుకు బండిలో సరుకు యజమాని గానీ, ఆయన తరఫు మనిషి గానీ వెళ్తుంటే వాళ్లకు థర్డ్ పార్టీ బీమా వర్తించేలా 1994లో మోటారు వాహనాల చట్టాన్ని మార్చారు. అయితే ఊరికే ఎక్కించుకున్న మనుషులకు బీమా కంపెనీ బాధ్యత లేదని 2002 డిసెంబరులో సుప్రీంకోర్టు తేల్చి చెప్పింది. అంటే పెళ్లికని తొట్టిలో ఎక్కిన చుట్టానికి ఏదైనా జరిగితే పరిహారం చివరకు బండి యజమాని నెత్తిన పడుతుంది. లక్షల్లో పరిహారం కట్టాల్సి వస్తే చిన్న రైతు దగ్గర ఉండేది ఆ ఎకరా, రెండెకరాల పొలమే కదా!

అందుకే మొదటి సూత్రం ఇది: ఇంట్లో ఎంతమంది ఉంటే అన్ని సీట్లు కేబిన్ లోపలే ఉండాలి. అంత కేబిన్ లేకపోతే ఆ బండి సరుక్కే గానీ సంసారానికి కాదు.

డబుల్ క్యాబిన్ అంటే

మామూలు పికప్‌లో డ్రైవరుతో కలిపి ఇద్దరు ముగ్గురే పడతారు. డబుల్ క్యాబిన్ బండికి నాలుగు తలుపులు, రెండు వరుసల సీట్లు, వెనకాల తొట్టి ఉంటాయి. అయిదుగురు దర్జాగా కూర్చోవచ్చు. మన దగ్గర దొరికే వాటిలో మహీంద్రా బొలెరో క్యాంపర్, టాటా యోధ క్రూ క్యాబ్, ఇసుజు డి-మ్యాక్స్ ఎస్-క్యాబ్ పనికి వాడే రకం. ఇసుజు వి-క్రాస్, టయోటా హైలక్స్ సొంతానికి వాడే రకం, ధర చాలా ఎక్కువ. ఇసుజు బండ్లు 2016 నుంచి మన తిరుపతి జిల్లా శ్రీసిటీలోనే తయారవుతున్నాయి.

కేబిన్ పెరిగితే తొట్టి తగ్గుతుంది. మామూలు పికప్‌లో తొట్టి ఎనిమిది, తొమ్మిది అడుగుల పొడవుంటే డబుల్ క్యాబిన్‌లో అయిదడుగుల దగ్గర ఆగిపోతుంది. టమోటా క్రేట్లు, ఎరువుల బస్తాలు, పాల క్యాన్లకు ఇబ్బంది లేదు. వెదురు బొంగులు, పి.వి.సి. పైపులు, చెరకు వేసుకోవాలంటే కుదరదు. మీ పొలంలో ఎక్కువగా ఏం పండుతుందో దాన్ని బట్టి నిర్ణయించుకోండి.

బరువు లెక్క కూడా తెలుసుకోండి. ఆర్.సి.లో ఖాళీ బరువు, నిండు బరువు రెండూ రాసి ఉంటాయి. ఆ రెంటికీ ఉన్న తేడాలోనే మనుషులూ సరుకూ సర్దుకోవాలి. ఉదాహరణకు ఖాళీ బరువు 1,800 కిలోలు, నిండు బరువు 2,950 కిలోలు అనుకుందాం. తేడా 1,150 కిలోలు. మనిషికి 60 చొప్పున అయిదుగురికి 300 పోతే మిగిలేది 850 కిలోలు. అంటే 25 కిలోల క్రేట్లు 34. అంతకు మించి వేస్తే బ్రేకు పట్టదు, టైరు ఆగదు.

ఖాళీగా ఉంటే ఎందుకు ఎగిరేస్తుంది?

పికప్ ఎక్కిన ఆడవాళ్లు 'నడుములు విరిగిపోయాయి' అంటుంటారు. అందులో అబద్ధమేమీ లేదు. ఈ బండ్లకు వెనక ఇరుసు కింద కమాన్ పట్టీలు ఉంటాయి. టన్ను బరువును మోయడానికి తగ్గట్టు వాటిని గట్టిగా చేస్తారు. బరువున్నప్పుడు అవి వంగి గుంతల దెబ్బను తీసుకుంటాయి. ఖాళీగా ఉన్నప్పుడు వంగవు. గుంత దెబ్బంతా సీటుకే తగులుతుంది. వెనక సీటు ఇరుసుకు దగ్గరగా ఉంటుంది కాబట్టి ముందు కూర్చున్నవాళ్ల కంటే వెనక వాళ్లకు కుదుపు ఎక్కువ.

దీన్ని కొంత తగ్గించుకోవచ్చు. డ్రైవరు తలుపు చట్రం దగ్గర గానీ, బండితో ఇచ్చే పుస్తకంలో గానీ టైర్ల గాలి లెక్క ఉంటుంది. చాలా బండ్లకు ఖాళీగా ఉంటే ఎంత, లోడుతో ఎంత అని వేర్వేరుగా ఇస్తారు. మార్కెట్‌కు పోయినప్పుడు పట్టిన గాలితోనే ఇంటివాళ్లను తిప్పితే ఎగిరేయక ఏం చేస్తుంది? సరుకు దించాక గాలి ఖాళీ లెక్కకు తగ్గించండి. మళ్లీ లోడు వేసే ముందు పట్టించడం మరవకండి. సరుకు ఎక్కువ మోయాలని కమాన్‌కు అదనపు పట్టీలు వేయించడం మాత్రం మంచిది కాదు. బ్రేకులూ ఇరుసూ పాతవే ఉంటాయి, కుదుపు మాత్రం రెట్టింపవుతుంది.

షోరూములో ఏం చూడాలి?

ఒక్కరే వెళ్లి సంతకం పెట్టకండి. ఇంటావిడను, పిల్లలను, వీలైతే పెద్దవాళ్లను వెంట తీసుకెళ్లండి. నడిపి చూడ్డానికి బండి ఇమ్మని అడగండి. తారు రోడ్డు మీద ఒక్క చక్కరు కొట్టి వచ్చేస్తే ఏమీ తెలియదు. కంకర రోడ్డు మీద, స్పీడు బ్రేకర్ల మీద కనీసం ఇరవై నిమిషాలు తిప్పండి. అందులో సగం సేపు మీరే వెనక సీట్లో కూర్చోండి.

- చీర కట్టుకున్న పెద్దావిడ ఇంకొకరి సాయం లేకుండా ఎక్కగలదా? అడుగు పెట్టడానికి మెట్టు, పట్టుకోవడానికి పిడి ఉన్నాయా?

- వెనక సీటు వీపు మరీ నిటారుగా ఉందా? మోకాళ్లు ముందు సీటుకు తగులుతున్నాయా?

- అయిదు సీట్లకూ బెల్టులున్నాయా? గాలి సంచులు, అంటే ఎయిర్ బ్యాగులు, ఎన్ని? ఎవరెవరి ముందు?

- ఎ.సి. ఉంటే ఆ గాలి వెనకదాకా వస్తోందా? లేకపోతే వెనక అద్దాలు పూర్తిగా దిగుతున్నాయా? మన ఎండలకు ఇది చిన్న విషయం కాదు.

- పవర్ స్టీరింగ్ ఉందా? క్లచ్ తొక్కితే కాలు పీకుతోందా?

ఇంకో పని ఇంట్లోనే చేసుకుని వెళ్లండి. టేపు పట్టుకుని మీ వీధి, మలుపు, కొట్టం వాకిలి కొలవండి. హైలక్స్, వి-క్రాస్ దాదాపు 5.3 మీటర్ల పొడవు, అంటే పదిహేడున్నర అడుగులు. వెడల్పు ఆరడుగుల పైనే, పక్క అద్దాలు అదనం. ఇంటిదాకా రాని బండి వానలో ఊరి బయట నిలబడాల్సిందే.

పసుపు బోర్డా, తెల్ల బోర్డా?

పక్క రైతుల సరుకు కిరాయికి వేసుకోవాలనుకుంటే పసుపు బోర్డు తప్పనిసరి. తెల్ల బోర్డు బండిని కిరాయికి తిప్పితే జరిమానా పడుతుంది, ప్రమాదం జరిగితే బీమా దగ్గర పేచీ వస్తుంది. పసుపు బోర్డు బండికి ఎనిమిదేళ్ల వయసు వచ్చేదాకా రెండేళ్లకోసారి, ఆ తర్వాత ఏటా ఫిట్‌నెస్ చేయించాలి. నిండు బరువు 3,000 కిలోలు దాటని సరుకు బండికి పర్మిట్ అక్కర్లేదు.

లైసెన్సు గురించి బెంగ వద్దు. కారు నడిపే లైట్ మోటార్ వెహికల్ లైసెన్సుతోనే 7,500 కిలోల లోపు సరుకు బండి నడపవచ్చని 2024 నవంబరులో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం చెప్పింది.

డబుల్ క్యాబిన్ బండికి బీమా కట్టేటప్పుడు ఒక్క మాట గట్టిగా అడగండి. ఆర్.సి.లో రాసిన సీట్లలో కూర్చునే అందరికీ పాలసీ వర్తిస్తుందా? వర్తించాలంటే ఇంకెంత కట్టాలి? ఏజెంటు నోటిమాట కాదు, పాలసీ కాగితం మీద చూపించమనండి.

కిస్తు కట్టే దారి ఉందా?

క్యాంపర్ లాంటివి పది లక్షల చుట్టుపక్కల ఉన్నాయి. వి-క్రాస్ పాతిక లక్షలు, హైలక్స్ ముప్పై లక్షల చుట్టుపక్కల. సరుకు వాహనాలపై జి.ఎస్.టి. 2025 సెప్టెంబరు 22 నుంచి 28 శాతం నుంచి 18 శాతానికి తగ్గింది. కాబట్టి పాత ధర చెప్తే ఒప్పుకోకండి. రోడ్డు మీదికి వచ్చేసరికి మొత్తం ఎంతవుతుందో కాగితం మీద రాయించుకోండి.

ఎనిమిది లక్షల అప్పు, 10 శాతం వడ్డీ, అయిదేళ్ల గడువు అనుకుంటే నెలకు కిస్తు 17,000 రూపాయలు. అయిదేళ్లలో కట్టేది పది లక్షల ఇరవై వేలు.

ఇప్పుడు రాబడి చూడండి. మార్కెట్ 40 కిలోమీటర్లు, రానూపోనూ 80. లీటరుకు 12 కిలోమీటర్లు వస్తుందనుకుని, డీజిల్ 96 రూపాయలనుకుంటే కిలోమీటరుకు 8 రూపాయలు. ట్రిప్పుకు 640 అవుతుంది. కిరాయి బండికి 1,500 ఇస్తున్నారనుకుంటే సొంత బండితో మిగిలేది 860 మాత్రమే. ఒక్క కిస్తు తేలాలంటే నెలకు 20 ట్రిప్పులు కావాలి. టైర్లు, రిపేర్లు, బీమా వేరే. టమోటా మంచి కాపులో ఉన్నప్పుడు మూడు నాలుగు రోజులకో కోత చొప్పున నెలకు ఎనిమిది, పది ట్రిప్పులు దాటవు. అదీ సీజన్‌లోనే. కిస్తు మాత్రం పన్నెండు నెలలూ కట్టాలి. మీ ఊరి కిరాయి, మీ మార్కెట్ దూరం వేసి ఇదే లెక్క మీరూ కట్టి చూసుకోండి.

ఎవరికి ఏది?

ఎకరా, రెండెకరాల రైతు సీజన్ సరుకు కోసమే అయితే కొనవద్దు. నలుగురు రైతులు కలిసి కిరాయి బండి మాట్లాడుకోవడమే లాభం. పెళ్లికో ఆస్పత్రికో ఆ పూటకు కారు మాట్లాడుకోండి.

ఏడాది పొడవునా పాలు, కూరగాయలు వేసేవాళ్లు, ఇరుగుపొరుగు సరుకు కూడా కిరాయికి తోలగలిగినవాళ్లు, ఇంట్లో నలుగురైదుగురు ఉన్నవాళ్లు పసుపు బోర్డు డబుల్ క్యాబిన్ చూసుకోవచ్చు. అన్నదమ్ములు కలిసి కొంటే ఆర్.సి. ఎవరి పేరున ఉన్నా కిస్తు వాటా, రిపేరు వాటా ముందే కాగితం మీద రాసుకోండి.

సరుకే ముఖ్యం, ఇంటివాళ్లు ఎక్కేది ఎప్పుడో ఒకసారి అనుకుంటే టాటా ఏస్ లాంటి చిన్న బండి గానీ, మామూలు పికప్ గానీ చాలు. ఆ ఒక్కసారికీ తొట్టి ఎక్కించకండి, బస్సులో పంపండి.

అమెరికాలోనో గల్ఫ్‌లోనో ఉన్న కొడుకు హైలక్స్ కొనిపెడతానంటే కాదనక్కర్లేదు. ఏడు ఎయిర్ బ్యాగులు, మంచి సీట్లు ఉన్న బండి. అయితే కిస్తు ఎవరు కడతారో, టైరు ఒక్కొక్కటి ఎంతో ముందే అడగండి. పొలం రాబడి మీద అంత బండిని మోయలేం.

పాత బండి కొనేవాళ్లు దాని కిందికి దూరి చూడాలి. ఛాసిస్‌కు అతుకు వెల్డింగు గానీ, విరిగిన కమాన్ పట్టీ గానీ కనిపిస్తే వదిలేయండి. ఆర్.సి.లో ఫైనాన్సు అప్పు తీరినట్టు నమోదైందో లేదో, చలానాలు ఎన్ని ఉన్నాయో చూసుకున్నాకే బయానా ఇవ్వండి. డబ్బు చెల్లించిన తర్వాత ఆర్.సి. మీ పేరుకు మారేదాకా ఆ పని పట్టుకుని తిరగండి.